సెహన్ నుండి సెల్లారు వరకు: మన యిళ్ళు మారిన తీరు

మన సంఘం వార్షిక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి యివ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, మేము కుతుబ్‌షాహీల గురించో, ఆసఫ్‌జాహీల గురించో రాస్తామని వారు అనుకొని వుంటారు. ఉర్దూ మీడియం బడిలో సాంఘిక శాస్త్రం చెప్పుకునేవాళ్ళము కనుక అలా అనుకోవటంలో తప్పు లేదు. కాని చార్మినార్ మీద, గోల్కొండ మీద ఏటా ఎవరో ఒకరు రాస్తూనే వున్నారు. మనము రోజూ ఎక్కి దిగే మెట్ల గురించి మాత్రం ఎవరూ రాసినట్లు కనిపించదు. అందుకని యీసారి మన యిళ్ళ గురించి, అనగా సెహన్ వున్న యిల్లు పోయి అపార్టుమెంటు వచ్చిన తీరు గురించి, మాకు తెలిసినంత వరకు చెప్పాలని మా ఉద్దేశము. తెలుగులోనే రాయమని కార్యదర్శి గారు మరీ మరీ చెప్పారు. యింట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉర్దూ చదవటం తగ్గిపోయింది గదా. ఆ బాధ వేరే వ్యాసానికి వుంచుదాము.

మేము చెప్పబోయేది హైదరాబాదులో మెహదీపట్నం, హుమాయూన్ నగర్, ఆసిఫ్ నగర్, మల్లేపల్లి ప్రాంతాల సంగతి. యివ్వాళ వీటిని చూసినవాళ్ళు నగరం నడిబొడ్డు అనే అంటారు. కాని 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టిన నగరానికి యివి బయట. 1578 నాటి పురానా పూల్ దాటి కార్వాన్ మీదుగా గోల్కొండకు పోయే దారికి ఒక పక్కన తోటలు, చెరువులు, పొలాలు వుండే చోటు. మాసబ్ ట్యాంక్ అనే పేరు చూడండి. అది ‘మా సాహెబా తాలాబ్’. నోట్లో నలిగి నలిగి మాసబ్ అయింది. తాలాబ్ పోయింది, ట్యాంక్ అనే మాట మిగిలింది. చెరువు నీళ్ళుండే చోట యిప్పుడు పిల్లల పార్కు వున్నది.

శివారు మొహల్లా కావటానికి కారణము మూసీ. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. నది ఒడ్డున యిరుకు గల్లీల్లో వున్న వేల యిళ్ళు ఒక్క రాత్రిలో కూలిపోయాయి. తరువాత మూడేళ్ళకు, 1911లో, ప్లేగు వచ్చింది. జనం యిలా ఒకరి మీద ఒకరు పడి వుంటే బ్రతకటం కష్టమని ప్రభుత్వానికి అప్పుడు తెలిసివచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. మన పెద్దలు దానిని ‘ఆరాయిష్-ఎ-బల్దా’ అనేవారు. రోడ్లు వెడల్పు చేయటము, మురికివాడలు తీసేసి గాలి, వెలుతురు, కాలువ వుండే అద్దె యిళ్ళు కట్టటము దాని పని. పత్తర్‌గట్టీ దుకాణాలు కట్టింది వారే. నాంపల్లి, మల్లేపల్లి, రెడ్ హిల్స్ వైపు వరసగా యిళ్ళు వేసిందీ వారే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత ఆ పని హౌసింగ్ బోర్డు చేతికి వచ్చింది.

యిళ్ళు కట్టినంత మాత్రాన జనం పోరు గదా, నీళ్ళు కావాలి. విశ్వేశ్వరయ్య గారు వరద తరువాత వచ్చి చెప్పిన సలహా మీద కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. ఆ నీళ్ళు మోటారు లేకుండా, వాలు మీదనే పారి ఆసిఫ్ నగర్ ఫిల్టర్ బెడ్స్‌కు వచ్చేవి. అక్కడ శుద్ధి అయి నగరానికి పోయేవి. ఫిల్టర్ బెడ్స్ పక్కనే వున్నవాళ్ళు నీళ్ళకు వెతుక్కోనక్కర లేదని, ఆ వైపు యిల్లు కట్టుకున్నవాడు అదృష్టవంతుడని మా తాతగారి కాలంలో అనుకునేవారట. యిప్పుడు అదే గల్లీలోకి ట్యాంకరు ఎప్పుడు వస్తుందా అని ఫోను పట్టుకొని కూర్చుంటాము.

మొహల్లాల పేర్లు కూడా ఆ కాలానివే. మెహదీ నవాజ్ జంగ్ గారు నిజాం ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి, తరువాత 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నరు. వారి పేరున మెహదీపట్నం. బారిస్టరు హుమాయూన్ మీర్జా గారి పేరున హుమాయూన్ నగర్. వారి భార్య సుగ్రా హుమాయూన్ మీర్జా గారు ఉర్దూలో నవలలు రాసి, స్త్రీల కోసం పత్రిక నడిపి, 1934లో ఆడపిల్లల కోసం సఫ్దరియా బడి పెట్టారు. ఉర్దూ మీడియం మాస్టరుకు ఆ బడి పేరు చెప్పకుండా హుమాయూన్ నగర్ దాటటం సాధ్యము కాదు. పాఠకులు క్షమించాలి.

ఇక అసలు విషయానికి, యింటికి వస్తాము.

నవాబుల దేవిడీల్లో మర్దానా వేరు, జనానా వేరు. మధ్యలో సెహన్, సెహన్‌లో హౌజు, చుట్టూ దాలాన్‌లు. గుమాస్తాలు, మాస్టర్లు, చిన్న వ్యాపారులు కట్టుకున్న యిళ్ళు దానికే చిన్న నకలు. ముందు ఒక దీవాన్‌ఖానా, తలుపుకు పర్దా, లోపల దాలాన్, తరువాత ఆకాశం కనబడే సెహన్. సెహన్ అంటే తెలుగులో మండువా అనండి, పెరడు అనండి, రెండూ సరిగా సరిపోవు. మండువా కంటే పెద్దది, పెరడు లాగ యింటి వెనకకు పోయి దాక్కునేది కాదు. యిల్లంతా దాని వైపే తిరిగి వుంటుంది. ఎండాకాలం రాత్రి మంచాలు అక్కడే, అప్పడాలు ఆరవేసేది అక్కడే, పిల్లల ఆట అక్కడే. యిరుగు పొరుగు యిళ్ళకు మధ్య గోడలో మనిషి వంగి దూరేంత చిన్న తలుపు వుండేది. ఆడవాళ్ళు బురఖా వేసుకొని గల్లీలోకి రాకుండానే నాలుగు యిళ్ళు తిరిగి వచ్చేవారు. రంజాన్‌లో యిఫ్తార్ పళ్ళెము ఆ తలుపులోంచే పోయి, ఖాళీగా తిరిగి రాకుండా ఏదో ఒకటి పెట్టుకొని వచ్చేది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు. యీ రెండింటితో పెద్ద దేవిడీలు బ్రతకలేకపోయాయి. యాభై మంది నౌకర్లు వుండే యింట్లో గోడకు సున్నం వేయటానికి డబ్బు లేదు. ముక్కలు చేసి అమ్ముకున్నారు. అదే సమయంలో జిల్లాల నుండి, ముఖ్యంగా బీదర్, గుల్బర్గా, ఉస్మానాబాద్ వైపు నుండి, భయపడి నగరానికి వచ్చిన కుటుంబాలు చాలా వున్నాయి. మా తాతగారు ఆ వచ్చినవారిలో ఒకరు. ఒక దఫ్తర్‌లో గుమాస్తాగా కుదిరి, పదేళ్ళు అద్దెకుండి, 1958లో మెహదీపట్నం వెనక గల్లీలో 360 గజాల జాగా కొన్నారు. ముందు రెండు గదులు, పెంకుల కప్పు, బావి. తరువాత ఒక్కొక్క కొడుకు పెండ్లికి ఒక్కొక్క గది. మేము పుట్టి పెరిగింది ఆ యింట్లోనే. జామ చెట్టు మీద నుండి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నదీ అక్కడే.

ఇటువంటి యిళ్ళు ఎందుకు పోయాయి? ఎవరిని అడిగినా ‘గల్ఫ్ డబ్బు వచ్చింది, బిల్డర్లు వచ్చారు, కుటుంబాలు విరిగిపోయాయి’ అంటారు. అందులో నిజము కొంత వున్నది. 1973లో చమురు ధర పెరిగిన తరువాత మన పిల్లలు సౌదీ, దుబాయి, కువైట్ పోవటం మొదలయింది. పంపిన డబ్బు ముందు జాగాలోకి, తరువాత ఫ్లాట్లలోకి వచ్చింది. 1976లో అర్బన్ ల్యాండ్ సీలింగ్ చట్టము వచ్చి హైదరాబాదులో ఒకరికి 1000 చదరపు మీటర్ల కంటే ఎక్కువ ఖాళీ జాగా వుండకూడదన్నది. పెద్ద కాంపౌండ్లు వున్నవాళ్ళు భయపడి పంచేశారు, అమ్మేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టము పోయింది 2008లో. అప్పటికి ఆ కాంపౌండ్లూ పోయాయి.

ఇంకొక కారణము పైకి చెప్పుకోవటానికి మనకు మనసు ఒప్పదు. 1978లో, 1990 డిసెంబరులో జరిగిన అల్లర్ల తరువాత పాత నగరంలోని కుటుంబాలు కొన్ని మా వైపు, టోలీచౌకీ వైపు వచ్చేశాయి. కర్ఫ్యూలో పాల కోసం, మందు కోసం పడిన బాధ ఒక్కసారి చాలునని అనుకున్నారు. ఇతర కాలనీల్లో అద్దెకు అడిగితే పేరు విని తలుపు వేసినవాళ్ళూ వున్నారు. అలా వచ్చినవాళ్ళందరికీ యిల్లు కావాలి. జాగా పెరగదు. పైకి పెరగటం ఒక్కటే దారి. 1998లో సైబర్ టవర్స్ వచ్చి, గచ్చిబౌలి రోడ్డు రద్దీ అయి, మెహదీపట్నం మధ్యలో పడింది. 2009లో పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్ల పొడవున తెరిచారు. అప్పటి నుండి మన చిరునామాలు కూడా మారాయి. మసీదు పక్కన, ఫలానా మాస్టరు గారి యింటి ఎదుట అనేవాళ్ళము, యిప్పుడు పిల్లర్ నెంబరు చెబుతున్నాము.

ఇవన్నీ నిజమే. కాని మా గల్లీలో మేము కళ్ళారా చూసినదానిని బట్టి చెబుతున్నాము: చాలా యిళ్ళను అపార్టుమెంటు చేసింది బిల్డరు కాదు, విరాసత్. తాతగారు పోయిన తరువాత పంపకము ఎలా అన్న ప్రశ్న. కుటుంబాలు విరిగినందువల్ల ఫ్లాట్లు రాలేదు. పంచటానికి వీలు కాని యిల్లు చాలా చోట్ల ముందే కుటుంబాన్ని విరిచేసింది.

మా యింటి లెక్కనే చెబుతాము. బ్లాక్‌బోర్డు లేనిదే మాస్టరుకు మాట రాదంటారు, కొంచెం ఓపిక పట్టండి. మా తాతగారు 1991లో పోయారు. దాదీమా వున్నారు. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. షరీయత్ ప్రకారము భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదానిలో కొడుకుకు రెండు పాళ్ళు, కూతురుకు ఒక పాలు. యింటిని 72 పాళ్ళు చేస్తే లెక్క సరిగా తెగుతుంది. దాదీమాకు 9, ఒక్కొక్క కొడుకుకు 14, ఒక్కొక్క కూతురుకు 7. మా 360 గజాల్లో పాలు అంటే 5 గజాలు. అనగా మా మేనత్తలలో, మేము ఫుప్పు అంటాము, ఒక్కొక్కరికి 35 గజాలు. 35 గజాలకు గోడ ఎక్కడ పెడతారు? బావి ఎవరి వాటాలోకి పోవాలి? సెహన్‌లో నుండి కోస్తే మిగిలిన గదులకు వెలుతురు ఎలా?

గోడ పెట్టలేము కనుక, ఆడపిల్లల వాటా మాట ఎత్తకుండా వుండటం ఒక మర్యాద అయిపోయింది. మన యిళ్ళలో ఇది అందరికీ తెలిసినదే. అన్న ఒక రోజు బిర్యానీ పెట్టి, చీర పెట్టి, ‘నీ హక్కు మాఫ్ చేస్తావా అమ్మా’ అంటాడు. చెల్లెలు పుట్టింటి తలుపు మూసుకుపోతుందేమో అన్న భయంతో ‘మాఫ్’ అంటుంది. నమాజు ఒక్క పూట తప్పితే కుమిలిపోయేవాళ్ళు యీ విషయంలో హాయిగా నిద్రపోతారు. మా యింట్లో పెద్ద ఫుప్పు, నడిమి ఫుప్పు ఆ మాట అనేశారు. చిన్న ఫుప్పు అనలేదు. దాలాన్‌లో అందరూ కూర్చుని వుండగా ‘అల్లా యిచ్చినదానిని నేనెందుకు వదులుకోవాలి, మీరు యిచ్చింది అయితే వదిలేదాన్ని’ అన్నది. అప్పుడు మాకు పదకొండు పన్నెండేళ్ళు. ఆమె చాలా పొగరు మనిషి అని పెద్దలు అనుకుంటే మేమూ అలాగే అనుకున్నాము. ఆ తరువాత పదకొండేళ్ళు ఆమె ఈద్‌కు తప్ప మా యింటికి రాలేదు. వచ్చినా సెహన్‌లోనే కుర్చీ వేసుకొని కూర్చుని వెళ్ళిపోయేది.

2002లో ఒక బిల్డరు వచ్చాడు. పేరు అనవసరము. ‘జాగా మీది, ఖర్చు మాది, కట్టినదానిలో సగం సగం’ అన్నాడు. కింద సెల్లారు, దాని మీద నాలుగు వరసలు, వరసకు రెండు చొప్పున ఎనిమిది ఫ్లాట్లు. నాలుగు మనకు, నాలుగు అతనికి. మా పెదనాన్న గారు ముందు ఒప్పుకోలేదు. ఒప్పుకున్న తరువాత ఒప్పందం కాగితం మీద వారసులందరి సంతకాలు కావాలని లాయరు చెప్పాడు. చిన్న ఫుప్పు సంతకం లేనిదే ఒక్క యిటుక కదలదని అప్పుడు అందరికీ తెలిసింది. ఆమె వచ్చి, చదివి, ‘మా ముగ్గురు అక్కచెల్లెళ్ళకు ఒక ఫ్లాటు రిజిస్ట్రీ చేయండి, అప్పుడు’ అన్నది. మాఫ్ చేసిన యిద్దరి పేర్లు కూడా రాయించింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో మేము యింతకంటే మంచి పాఠము ఎవరికీ చెప్పలేదు.

2004లో యిల్లు తయారయింది. అన్నదమ్ములు ముగ్గురికి మూడు, అక్కచెల్లెళ్ళకు కలిపి ఒకటి. బావిని పూడ్చి దాని మీద సెల్లారు స్తంభము వేశారు. జామ చెట్టు కొట్టేసిన రోజు దాదీమా భోజనం చెయ్యలేదు. రెండో అంతస్తులో మా తండ్రిగారి ఫ్లాట్లో వుండి, ‘నేల మీద కాలు పెట్టి ఎన్నాళ్ళయిందో’ అంటూ 2006లో పోయారు.

అప్పటి దాకా మాకు చట్టము సంగతి తెలియదు. 1987లోనే ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టము వచ్చింది. ఫ్లాటు కొన్నవాడికి నాలుగు గోడలే కాదు, కింద జాగాలో విడదీయలేని వాటా వున్నదని, మెట్లు, మిద్దె, సెల్లారు వంటివి అందరి ఉమ్మడి అని, ఓనర్లు సంఘం పెట్టుకోవాలని దాని సారాంశము. మేము మాస్టర్లమై వుండి కూడా ఆ చట్టము తెరిచి చూడలేదు. బిల్డరు మిద్దె మీద ఒక పెంట్‌హౌస్ వేసి అమ్ముకొని పోయాడు. పర్మిషను లేదు. 2007 డిసెంబరు ఆఖరున ప్రభుత్వము అక్రమ కట్టడాలకు జరిమానా కట్టించుకొని క్రమబద్ధం చేసే స్కీము తెచ్చినప్పుడు, ఆ డబ్బు కట్టింది మేమందరమూ. వేసినవాడు ఫోను ఎత్తలేదు. రంజాన్ చంద్రుణ్ణి చూడటానికి మిద్దె ఎక్కితే పెంట్‌హౌస్ వారి తలుపు ముందు నిలబడి ‘సలాం, చాంద్ చూడటానికి వచ్చాము’ అని చెప్పుకోవలసి వస్తుంది. వారు మంచివాళ్ళు, చాయ్ కూడా యిస్తారు. అది వేరే సంగతి.

సెహన్ పోవటము వల్ల జరిగిన నష్టము తక్కువని మేము అనటం లేదు. ముఖ్యంగా రెండు విషయాల్లో అది మనల్ని గట్టిగా దెబ్బ తీసింది. ఒకటి పెండ్లి. మాంఝా, సాంచక్, మెహందీ అన్నీ సెహన్‌లో పర్దా కట్టుకొని, పక్కింటి సెహన్ కూడా కలుపుకొని చేసేవాళ్ళము. దేగ్‌లు గల్లీలోనే ఎక్కేవి. యిప్పుడు రెండు వందల మందిని కూర్చోబెట్టటానికి ఫ్లాట్లో చోటు ఎక్కడిది? ఫంక్షన్ హాలు తప్పదు. హాలు తీసుకున్న తరువాత, యింత హాలు తీసుకొని తక్కువ మందిని పిలిస్తే బాగుండదని మరో రెండు వందలు. మన సంఘము ప్రతి సంవత్సరము పెండ్లి ఖర్చులు తగ్గించమని తీర్మానము చేస్తుంది. ఆ తీర్మానము చేసేటప్పుడు, ఆడంబరము ఒక్కటే కారణము కాదని, చోటు లేకపోవటం కూడా ఒక కారణమని సభ్యులు గమనించాలి. నిరాడంబరంగా చేద్దామన్నవాడికి కూడా నాలుగు మంచాలు వేసే జాగా లేదు.

రెండవది మరణము. మా తండ్రిగారు 2017లో పోయినప్పుడు మాకు యిది తెలిసింది. గుస్ల్‌కు చోటు లేదు. సెల్లారులో కార్ల మధ్య టెంట్ హౌస్ వారి గుడ్డలు కట్టి, పాత బావి పూడ్చిన చోటికి దగ్గరలోనే గుస్ల్ యిచ్చాము. లిఫ్టు వేస్తానని ఒప్పందంలో రాసిన బిల్డరు లిఫ్టు గుంట మాత్రం వదిలి పోయాడు. మెట్లేమో జనాజా తిరగనంత యిరుకు. రెండో అంతస్తు నుండి వారిని దుప్పటిలో పెట్టి, ఆరుగురు పట్టుకొని దించవలసి వచ్చింది. ఒక్కొక్క మలుపులో ఆగి, ‘జరా యిటు, జరా పైకి’ అనుకుంటూ దించాము. సెహన్ వున్న యింట్లో తాతగారు ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా వెళ్ళారో చిన్నప్పుడు చూసిన మాకు ఆ మెట్లు దిగటము యిప్పటికీ మరుపు రాదు. మొదటి అంతస్తులో బిల్డరు అమ్మిన ఫ్లాట్లో ఒక రిటైర్డు రైల్వే ఉద్యోగి వుంటారు, హిందువులు, మా ఓనర్ల సంఘానికి కార్యదర్శి కూడా వారే. ఎవరూ చెప్పకుండానే తన కారు తీసి ఎక్స్‌ప్రెస్‌వే కింద పెట్టి వచ్చి, సెల్లారు కడిగించారు. గోడలో చిన్న తలుపు లేకపోయినా పొరుగువారు పొరుగువారే.

ఇప్పుడు చెప్పటానికి కొంచెం కష్టమైన సంగతి. నాలుగు ఫ్లాట్లు 72 పాళ్ళయితే ఒక్కొక్క ఫ్లాటు 18 పాళ్ళు. దాదీమా పోయిన తరువాత ఆమె 9 పాళ్ళు కూడా పిల్లలకు రావాలి. కొడుకుకు 2, కూతురుకు 1. అప్పుడు కొడుకు వాటా 16, కూతురు వాటా 8. అన్నదమ్ముల చేతిలో ఒక్కొక్క పూర్తి ఫ్లాటు, అనగా 18 పాళ్ళు వున్నాయి. అక్కచెల్లెళ్ళ ముగ్గురి చేతిలో కలిపి 18, తలా 6. ఒక్కొక్క అన్న దగ్గర 2 పాళ్ళు ఎక్కువ, ఒక్కొక్క చెల్లెలి దగ్గర 2 పాళ్ళు తక్కువ. 2 పాళ్ళంటే ఫ్లాటులో తొమ్మిదో వంతు. ఒక్కొక్క అన్న ఒక్కొక్క చెల్లెలికి చెల్లించాలని 2006లోనే కాగితం మీద రాసుకున్నారు. అప్పటి ధరలో ఫ్లాటు తొమ్మిది లక్షలు, కనుక లక్ష రూపాయలు. పెదనాన్న గారు మరుసటి సంవత్సరమే పెద్ద ఫుప్పుకు యిచ్చేశారు. మా తండ్రిగారు చిన్న ఫుప్పుకు యివ్వవలసి వుంది. మా చెల్లెలి పెండ్లి, తరువాత వారి గుండె ఆపరేషను, తరువాత మరొకటి. యివ్వలేదు. మూడవవారి సంగతి మా నోటితో చెప్పము.

తండ్రిగారి కాగితాల్లో ఆ లెక్క మాకు దొరికింది. వారి చేతిరాతతోనే. మరణించినవారి బాకీ తీరిన తరువాతనే వారసత్వము అని మేము బడిలో దీనియాత్ పీరియడ్‌లో పిల్లలకు చెప్పి వున్నాము. లక్ష రూపాయలు తీసుకొని చిన్న ఫుప్పు దగ్గరకు పోదామని తమ్ముడు అన్నాడు. మాకు అనుమానము వచ్చి ఒక ఆలిం గారిని అడిగాము. వారు రెండు ప్రశ్నలు వేశారు. ‘ఆమె వాటా రూపాయల్లో వుందా, యింట్లో వుందా?’ యింట్లో అన్నాము. ‘ఆ యింట్లో యిన్నాళ్ళు వున్నది ఎవరు?’ మేమే అన్నాము. ఇక వారు చెప్పనక్కర లేకపోయింది. 2018లో ఆ ఫ్లాటు ధర 45 లక్షలు పలికింది. తొమ్మిదో వంతు 5 లక్షలు. టీచర్ల పరపతి సంఘంలో అప్పు తీసి, తమ్ముడు కొంత, చెల్లెలు తన వంతు కొంత వేసి యిచ్చాము.

చిన్న ఫుప్పు 2010లో వితంతువు అయ్యారు. పిల్లలు లేరు. అంతకు ముందు కాలంలో అయితే యిటువంటి మేనత్త అన్న యింట్లో దాలాన్ మూలన ఒక మంచము, ఒక సందూకు పెట్టుకొని, వదినెల మాటలు పడుతూ రోజులు వెళ్ళదీసేది. అటువంటి మంచాలు మన అందరి యిళ్ళలోనూ వుండేవి, మనము వాటిని ఉమ్మడి కుటుంబం గొప్పతనము అని చెప్పుకున్నాము. యీమె తన పేరు రిజిస్ట్రీలో వున్న ఫ్లాటుకు, మూడో అంతస్తుకు, తన తాళం చెవితో తాను వచ్చారు. అక్కలిద్దరి వాటాలకు నెలనెలా కిరాయి లెక్క కట్టి ఒకటో తారీఖున పంపుతారు. ఒక్క నెల తప్పలేదు. మేము డబ్బు తీసుకొని వెళ్ళినప్పుడు ఆమె లెక్కపెట్టుకున్నారు. మాకు కొంచెం నొచ్చుకున్నట్లయింది. లెక్కపెట్టి, బీరువాలో పెట్టి, ‘మీ నాన్న మంచివాడు, మతిమరుపు ఎక్కువ’ అన్నారు. తరువాత షీర్ ఖుర్మా పెట్టారు.

కాబట్టి సంఘములో పాత యిల్లు వున్న సభ్యులు, బిల్డరుతో మాట్లాడుతున్నవారు మా సంగతి చూసి కొన్ని జాగ్రత్తలు పడితే బాగుండునని మనవి. సంతకాల కంటే ముందు వారసుల పాళ్ళు కాగితం మీద రాసుకోండి, కూతుళ్ళ పాళ్ళతో సహా, ఎవరూ మాఫ్ అనక ముందే. తరుగు, మిగులు డబ్బులో కట్టవలసి వస్తే అదే సంవత్సరము కట్టేయండి. మిద్దె ఎవరిదో ఒప్పందంలో రాయించండి. మెట్ల వెడల్పు చూసేటప్పుడు సోఫా ఎక్కుతుందా అని చూస్తారు అందరూ. జనాజా దిగుతుందా అని కూడా చూడండి. సెల్లారులో ఒక మూల కార్లు పెట్టకుండా, కొళాయి, కాలువ పెట్టించి వదిలిపెడితే అది అన్నిటికీ పనికివస్తుంది. మేము యిప్పుడు ఆ మూల కోసం పెంట్‌హౌస్ వారితో, రైల్వే పెద్దమనిషితో మూడు మీటింగులు పెట్టాము. నిజామాబాద్ నుండి వచ్చి ఫ్లాటు కొన్న దుబాయి అబ్బాయి ఒక్కడు ఒప్పుకోవలసి వుంది. ఆ మూల అతని పార్కింగు.

ఇంకా రాయవలసినది వున్నది. 2020 అక్టోబరు వానల్లో టోలీచౌకీలో నదీమ్ కాలనీ మునిగినప్పుడు మా సెల్లారులోకి కూడా నీళ్ళు వచ్చిన సంగతి, పాత చెరువుల సంగతి మరో సంవత్సరము చూద్దాము. యిది రాస్తుండగానే కింద బోరు మోటారు కాలిపోయిందని కబురు వచ్చింది. తొమ్మిది యిళ్ళకు పోయి చందా వసూలు చేయవలసిన వంతు యీ నెల మాది. చిన్న ఫుప్పు యింటి నుండి మొదలుపెడతాము. ఆమె రసీదు అడుగుతారు గనుక పుస్తకం తీసుకొని పోవాలి.